మేట్రనమ్మ పక్క వేయించిన రోజు

రాహేలమ్మకి కంప్యూటరు రాదని దీవెన తేల్చేసింది. ఇక ఆ మాట మేట్రనమ్మకి చెప్పడమే తరువాయి.

చెప్పడం అంత తేలిక కాదు. గోదావరి గట్టు పక్కనున్న ఆ పాత మిషన్ ఆసుపత్రిలో రాహేలమ్మ అంటే పిల్లల వార్డు, పిల్లల వార్డు అంటే రాహేలమ్మ. సూది పేరెత్తితే మంచం కిందికి దూరే పిల్లలు కూడా ఆవిడ భుజాన పడితే చాలు, ఊరుకుంటారు. కానీ వచ్చే సోమవారం నుంచి కాగితం కేస్ షీట్లు ఉండవు. బరువు, జ్వరం, ఇచ్చిన మందు, అన్నీ కంప్యూటర్లోనే ఎక్కించాలి. అది చేతకాని నర్సులను వార్డుల్లోంచి తీసేసి దుప్పట్ల స్టోరుకి వేస్తామని ఆఫీసువాళ్లు ముందే చెప్పేశారు. అందరికీ నేర్పే పని దీవెనకి అప్పగించారు కాబట్టి, ఎవరికి రాదో శనివారం లోగా చెప్పాల్సింది కూడా దీవెనే.

అప్పగించింది మేట్రనమ్మ. అసలు పేరు జయశీలమ్మ గారు. గది బయట బోర్డు మీద నర్సింగ్ సూపరింటెండెంట్ అని మారి ఏళ్లు గడిచినా అందరి నోటా ఆవిడ మేట్రనమ్మే. ఆవిడ గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. ఆవిడ చేతికింద తయారైన నర్సులు ఏ ఊరు వెళ్లినా 'ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?' అని అడిగించుకుంటారు. దీవెనా అలా తయారైన పిల్లే. మేట్రనమ్మ మెచ్చుకుంటారంటే పస్తుండమన్నా ఉంటుంది.

దీవెనకి కంప్యూటరు మంచినీళ్ల ప్రాయం. మౌసు పట్టుకునే పుట్టావా అని తోటివాళ్లు ఆటపట్టించేవారు. ట్రైనింగు గదిలో ఎవరు కాస్త తడబడినా వెనకనుంచి చటుక్కున ఆమె చెయ్యి వచ్చేది.

"అక్కడ కాదు సిస్టర్, ఇటివ్వండి." టకటకా నాలుగు నొక్కులు. "చూశారా, ఎంత తేలికో!"

అందరూ చూసేవారు. అటుగా వెళ్లేటప్పుడు మేట్రనమ్మ కూడా గుమ్మంలో ఆగి చూసేవారు. రాహేలమ్మ అందరికంటే శ్రద్ధగా చూసేది. మర్నాటికి మళ్లీ మొదటికొచ్చేది.

శుక్రవారం పొద్దున దీవెన వెళ్లేసరికి మేట్రనమ్మ పిల్లల వార్డులోనే ఉన్నారు. అప్పుడే ఒక పాప నయమై ఇంటికి వెళ్లింది. ఖాళీ అయిన మంచం దగ్గర ఉతికిన దుప్పటి పట్టుకుని నిలబడ్డారు.

"మేడమ్, మీకొక పేరు చెప్పాలి. ఎంత నేర్పినా ఒక్కరికి మాత్రం రావడం లేదండి."

"చెబుదువు గాని. ముందు ఈ పక్క వెయ్యమ్మా."

దీవెన లోపల నవ్వుకుంది. నర్సింగులో చేరగానే నేర్పే మొదటి పని ఇది. దుప్పటి దులిపి పరిచి, తలవైపు మూల దగ్గర అంచు పట్టుకుంది.

మేట్రనమ్మ చెయ్యి అడ్డం వచ్చింది.

"అక్కడ కాదు, ఇటివ్వు." ఒక లాగు, ఒక దోపు. మూల పెట్టె అంచులా కూర్చుంది. "చూశావా, ఎంత తేలికో!"

దీవెన ముఖం చిన్నబోయింది. తను వేయబోయిందీ అలాగే కదా. పక్క మంచం మీద బిడ్డకి పాలు పడుతున్న తల్లి ఇటే చూస్తోంది. దీవెన గబగబా రెండో మూలకి వెళ్లింది. చెయ్యి దుప్పటికి తగిలీ తగలకముందే, "జరుగమ్మా, నేను వేస్తాగా," అంటూ మేట్రనమ్మ దోపేశారు.

మూడో మూల దగ్గర దీవెన చేతులు ఆగిపోయాయి. అంచు ముందు పైకి ఎత్తాలా? కింద వేలాడేది ముందు లోపలికి దోపాలా? లెక్కలేనన్నిసార్లు వేసిన పక్క అది. ఇప్పుడు గుర్తుకు రావడం లేదు. ఎప్పుడు మీద పడుతుందోనని పక్కనున్న చెయ్యి వంకే చూస్తోంది తప్ప, దుప్పటి వంక చూడటమే లేదు.

"ఏమ్మా, రాదా నీకు?"

"వచ్చు మేడమ్. మీరలా లాక్కుంటుంటే..."

అంతలోనే ఆగిపోయింది. చెవులు వేడెక్కాయి.

మేట్రనమ్మ ఒక అడుగు వెనక్కి వేసి, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని నిలబడ్డారు.

ఆ నిలబడే తీరు దీవెన ఎరుగును. తను మొదటిసారి ఇంజక్షను చేసిన రోజున, సూది ఎక్కడ గుచ్చాలో తేల్చుకోలేకపోతుంటే, మేట్రనమ్మ పక్కన సరిగ్గా అలాగే నిలబడ్డారు. ఈవిడ కాస్త చెయ్యి వేస్తే సొమ్మేం పోతుందని ఆరోజు మనసులో తిట్టుకుంది కూడా.

మూడో మూల వంకరగా వచ్చింది. విప్పి మళ్లీ వేసింది. ఈసారి కుదిరింది. నాలుగోది వేస్తున్నప్పుడు పక్కన ఎవరున్నారో కూడా మర్చిపోయింది.

"ఇందాక ఏదో పేరన్నావు?" అన్నారు మేట్రనమ్మ.

"ఏం లేదండి," అంది దీవెన. "రేపటిదాకా టైముంది కదా."

మర్నాడు దీవెన ట్రైనింగు గదిలోకి అడుగు పెట్టిందో లేదో, రాహేలమ్మ మౌసు వదిలేసి కుర్చీ పక్కకి జరుపుకుంది. జరగమని ఎవరూ అనలేదు. ఆవిడకి అదొక అలవాటైపోయింది. అది చూసి దీవెన అడుగు ఆగింది. ఇన్నాళ్లూ తను నేర్పింది ఇదా?

"మీరే పట్టుకోండి సిస్టర్."

"నా వల్ల కాదులే తల్లీ. స్టోరుకే పోతాను. దుప్పట్లయితే ఏడవ్వు, ఎత్తుకోమనవు," అంది రాహేలమ్మ. నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు.

"పట్టుకోండి, నేనిక్కడే ఉంటాను."

దీవెన ఆవిడ వెనక నిలబడి చేతులు వీపు వెనక్కి పెట్టుకుంది. పారిపోయే పిల్లాడిని ఒడిసిపట్టినట్టు ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

తెర మీద ఆరు నెలల బాబు వివరాలున్నాయి. పేరు టెస్ట్ బేబీ.

"ఇదేంటమ్మా, వీడికి అమ్మ పేరు లేదు?"

"ఉత్తుత్తి బాబు సిస్టర్. నేర్చుకోవడానికి పెట్టారు."

"ఉత్తుత్తివాడైతే మాత్రం? అమ్మ లేకుండా ఎలా పుట్టాడంట?" అంటూ రాహేలమ్మ ఒక్కో అక్షరం వెతుక్కుని, కరుణ అని కొట్టింది. గదిలో ఉన్న నర్సులు కిసుక్కున నవ్వారు. ఆవిడా నవ్వింది.

ఆ నవ్వులో ఏదో నొక్కింది. తెర మారిపోయింది.

"అయ్యో, అంతా పోయింది!"

దీవెన కుడిచెయ్యి గింజుకుంది. ఒక్క నొక్కు. ఒకే ఒక్క నొక్కుతో అయిపోతుంది.

"పోలేదండి. అందులోనే ఉంది, చూడండి."

"ఎక్కడ?"

దీవెన పెదవి కొరుక్కుంది. రాహేలమ్మ వెనక్కి తిరిగి చూసింది. చెయ్యి వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది కూడా. రాదని అర్థమయ్యాక కళ్లజోడు సర్దుకుని తెర మీదికి వంగింది. ఇక్కడ నొక్కి కాదనుకుంది, అక్కడ నొక్కి కాదనుకుంది.

"ఇదుగో! ఇక్కడ నక్కావుట్రా అబ్బాయ్!"

జ్వరం ఎక్కించింది. బరువు ఎక్కించింది. వెంటనే తెర మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి. రాహేలమ్మ ఈసారి వెనక్కి తిరగలేదు. తలెత్తి, కూడబలుక్కుని చదువుకుంది.

"ఎనభై రెండు కిలోలా? ఓరి నీ ఇల్లు బంగారం గానూ! చుక్క పెట్టడం మర్చిపోయానమ్మా. వీడు పసివాడా, గున్న ఏనుగా?"

గదంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది రాహేలమ్మే. నవ్వుతూనే చుక్క పెట్టింది, మందు ఎక్కించింది, సేవ్ నొక్కింది. పచ్చ గుర్తు వచ్చింది. దాని వంక ఒక్క క్షణం చూసి, ఎవరూ చెప్పకుండానే రెండో బాబు పేజీ తెరిచింది.

దీవెన ఆ వేళ్లనే చూస్తోంది. తనైతే ఈ పని చిటికెలో చేసేసేది. కానీ ఇంత సంతోషం ఎన్నడూ కలగలేదు. సోమవారం పిల్లల వార్డులో ఎవరుంటారన్నది ఇక ఎవరూ అడగనక్కర్లేదు.

గుమ్మం దగ్గర మేట్రనమ్మ ఉన్నారు. ఎప్పుడొచ్చారో ఎవరూ చూడలేదు.

"నేర్పడం అయిందా?" అని మెల్లగా అడిగారు.

"ఎక్కడండి! ఇవాళ నేనేమీ నేర్పలేదు మేడమ్. ఊరికే నిలబడ్డాను."

మేట్రనమ్మ చూపు దీవెన అప్పుడే ముందుకు తెచ్చిన చేతుల మీదికి వెళ్లింది. మణికట్టు మీద వేళ్ల అచ్చులు ఎర్రగా పడి ఉన్నాయి.

"అయితే ఇవాళే మొదలుపెట్టావన్నమాట," అన్నారు.