కాకి పేరు మీద

ఆ రాజ్యంలో కాకికి ఎవరూ బారసాల చేయలేదు. అది "కా" అంది, విన్నవాళ్ళు "కాకి" అన్నారు. పేరు పుట్టడం అంతే.

కాకికి మాత్రం తన పేరుకు ఒకటే అర్థం తెలుసు. రోజూ పొద్దున్నే రాజుగారి తల్లి వంటింటి వెనక గోడ మీద గుప్పెడు అన్నం పెట్టి, "కాకమ్మా, రావే!" అని పిలిచేది. పేరు వినబడిందంటే అన్నం వేడిగా ఉందన్నమాట. ఏ పేరుకైనా అంతకు మించిన అర్థం ఎందుకు?

మిగతా అర్థాలన్నీ కొలువులో పుట్టాయి.

ఒకనాడు ఖజానా లెక్క తేలలేదు. రాజు కళ్ళెర్రజేశాడు. మంత్రి తొణకలేదు, బెణకలేదు. "అవి కాకి లెక్కలు ప్రభూ" అన్నాడు. "ఓహో, అవి కాకివా!" అని రాజు ఊరుకున్నాడు. ఆ తర్వాత కొత్త కిరీటం ఒక్క వానకే రంగు వెలిసింది. "కాకి బంగారం" అన్నాడు ఆస్థాన కంసాలి. యుద్ధం గెలిచామని వేగులవాడు తెచ్చిన వార్త అబద్ధమని, శత్రువులు పొలిమేరలో పొయ్యిలు వెలిగించాక గాని తెలియలేదు. "కాకి కబురు" అన్నాడు వేగులవాడు.

రాజుకు ప్రాణం తేలికపడింది. తన రాజ్యంలో తప్పు చేసే మనిషే లేడు! ఉన్నదల్లా ఒక కాకి.

సంగతి తెలిసి కాకి కొలువుకు వెళ్ళింది. "అయ్యా, నేనెప్పుడు లెక్కలు రాశాను? ఎవరి బంగారం కరిగించాను?"

"అదిగో, కాకి గోల మొదలెట్టింది" అన్నాడు మంత్రి. కొలువంతా ఒక్కసారిగా గొల్లున నవ్వింది. ఆ గోలలో కాకి మాట ఎవరికీ వినబడలేదు.

కొన్నాళ్ళకు రాజుగారి తల్లి కన్నుమూసింది. పదోనాడు ఏటి ఒడ్డున, ఆకులో పిండం పెట్టారు. కాకి ముడితేనే పోయిన ప్రాణానికి తృప్తి. అందరూ మెడలు ఎత్తి చూశారు.

కాకి వచ్చి తుమ్మచెట్టు మీద వాలింది. ఆకలిగానే ఉంది. పైగా అది ముసలమ్మ ముద్ద. ముక్కు కిందికి లాగుతోంది గాని, మనసు పేరు దగ్గర ఆగిపోయింది.

రాజు చేతులు జోడించాడు. "కాకమ్మా, రా తల్లీ!"

"ఏ కాకిని పిలుస్తున్నారయ్యా? లెక్కల కాకినా, బంగారం కాకినా?"

"ఏదో మాటవరసకు అన్నవి. పట్టించుకోకు."

"అయితే మాటవరసకే వెనక్కి తీసుకోండి. ఆ లెక్కలు ఎవరివో అమ్మగారి పిండం ముందు చెప్పండి చాలు. వచ్చి ముడతాను."

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి రాజు వేలికున్న కొత్త ఉంగరం వైపు చూశాడు. రాజు మెల్లగా చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

పొద్దు వాలుతోంది. "అమ్మ ఆకలితో ఉందయ్యా! ఏదో ఒకటి చేయండి!" అన్నాడు రాజు.

మంత్రి నల్ల కంబళి కప్పుకున్నాడు. గొంతుక్కూర్చుని, గెంతుకుంటూ ఆకు దగ్గరికి పోయి "కావ్!" అన్నాడు. వంగి, ముద్దంతా మింగేశాడు.

"ముట్టింది! కాకి ముట్టింది!" కంసాలీ వేగులవాడూ చప్పట్లు కొట్టారు. పురోహితుడు ఒకసారి చెట్టు వైపు, ఒకసారి తనకు రావలసిన శాలువా వైపు చూసి, "తృప్తి, తృప్తి" అన్నాడు. రాజు కళ్ళొత్తుకుని, ఆ కంబళికి సాష్టాంగపడ్డాడు.

అందరూ ఇంటిదారి పట్టారు. అప్పుడు కాకి చెట్టు దిగింది. మంత్రి గడ్డం నుంచి రాలిన మెతుకొకటి ఇసుకలో పడి ఉంది. చల్లారిపోయింది. అయినా ముసలమ్మ కోసం దాన్ని ముక్కున కరుచుకుని మింగింది. ఇక పిలిచేవాళ్ళు లేరు కనుక, తన పేరు తానే ఒకసారి పిలుచుకుంది.

"కా!"

రాజు ఉలిక్కిపడి ఆగాడు. "ఎవరది?"

మంత్రి మూతి తుడుచుకుంటూ, "మనవాళ్ళెవరో లెండి ప్రభూ" అన్నాడు.