వాగుబడి ఎర్రముద్ర

కొండ మీద కురిసిన వాన కిందికొచ్చేసరికి వాగై, అడవిని రెండు ముక్కలు చేస్తుంది. ఇవతలి ఒడ్డున నీడ ఉంది, మేత లేదు. అవతలి ఒడ్డున మేత ఉంది, నీడ లేదు. కాబట్టి జంతువులకు వాగు దాటక తప్పదు. దాటడం తెలియనివాళ్ళను వాగు ఏటా కొట్టుకుపోయేది.

ఇది చూడలేక ఒక ముసలి తాబేలు ఒడ్డునే బడి పెట్టింది. నీటి రంగు చూసి లోతు అంచనా కట్టడం, సుడి చప్పుడు గుర్తుపట్టడం, కాలు జారితే బెదరకుండా నీటి వాలున పోయి గట్టు పట్టుకోవడం అక్కడి పాఠాలు. అందరూ ఆయన్ని తాబేలు పంతులుగారు అనేవాళ్ళు. చదువు ముగిసినవాళ్ళలో ఆయన మెచ్చినవాళ్ళకే మరొకరిని దాటించే అనుమతి. దానికి గుర్తు, కుడిభుజం మీద ఎర్రమట్టితో వేసిన పంతులుగారి అడుగుముద్ర. ముద్ర కావలసినవాళ్ళు రోజూ పొద్దున్నే బడికి రావాలి. ఆనాటి వాగు గురించి అడిగినదానికి జవాబు చెప్పాలి. అప్పుడే కొత్త ముద్ర. అది ఆ బడి ఆచారం.

ముద్ర ఉన్నవాళ్ళలో పెద్దవాడు పుల్లెద్దు. దూడగా ఉన్నప్పుడు వాగులో కొట్టుకుపోతుంటే పంతులుగారే వీపుతో నెట్టి గట్టెక్కించారు. ఆ మాట చెప్పకుండా వాడికి రోజు గడవదు.

ఒకరోజు వాడు భుజం వంచి ముద్ర వేయించుకుంటూ అన్నాడు.

"పంతులుగారూ, ఈ ప్రాణం మీరు పెట్టింది. నేను పడుకునే పాక గుంజకు కూడా మన ముద్ర వేసుకుంటాను. వచ్చేపోయేవాళ్ళకు బడి గొప్ప తెలుస్తుంది."

"నీ పాకను నేను పరీక్షించానా?"

"లేదండి."

"రేపు ఆ గుంజ విరిగి ఎవరి నెత్తినైనా పడితే, పడింది పాక అంటారా, బడి అంటారా?"

పుల్లెద్దు తల దించుకున్నాడు. "బడే అంటారండి."

"నీ భుజాన్ని పరీక్షించాను, దానికే ముద్ర. మిగతాది నీ మనసులో ఉంచుకో."

"చిత్తం పంతులుగారూ."

పొదలో పడుకుని ఇదంతా విన్న నక్క, ఎద్దు వెనకాలే నడిచాడు.

"ఏం బావా, సొంత గుంజకు మట్టి పూసుకోవడానికి కూడా సెలవు కావాలా?"

"మట్టి నాదే. ముద్ర బడిది."

"రోజూ పొద్దున్నే లేచి ఆ ముసలాయన ముందు వంగడం నీకు సిగ్గుగా లేదూ?"

"నాకు ఊపిరి పోసినవాడి ముందు వంగుతున్నాను. సిగ్గెందుకు?"

"సరేలే, వంగు. నడుం పట్టేస్తే చెప్పు, తొక్కుతాను."

వాగు దాటించినవాళ్ళకు అవతలి పొలాల దోసకాయో, పుచ్చకాయో పెట్టడం మామూలు. నక్క కన్ను ఆ పుచ్చకాయల మీద ఉంది. బడికి పోవాలంటే బద్ధకం, నీళ్ళంటే భయం. చివరికి వాడికో ఉపాయం తోచింది. మోదుగ కొమ్మల మీది ఎర్రలక్క గీకి, ఎండకు మెత్తబడేలా రాతి మీద ఉంచాడు. పంతులుగారి అడుగు పడిన తడిమట్టి గుంటలో దాన్ని నింపి, బిగిసేలోపు భుజం ఆనించాడు. ముద్ర అచ్చు దిగినట్టు దిగింది.

"రోజూ వంగేవాడు ఎద్దు. ఒక్కసారికే జన్మంతా నిలిచేలా వేసుకున్నవాడు నక్క!" అని తనను తానే మెచ్చుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే పొన్నమ్మ అనే గొర్రె తన పిల్లతో ఒడ్డుకొచ్చింది. పిల్లకు తొలిసారి వాగు. పొన్నమ్మ ఒక అడుగు ముందుకు, రెండడుగులు వెనక్కి వేస్తోంది.

"భయపడకు చెల్లీ, నేను వాగుబడి మనిషిని. ఇదిగో ముద్ర" అన్నాడు నక్క.

ముద్ర చూడగానే పొన్నమ్మకు ధైర్యం వచ్చింది. "నీకు పుణ్యముంటుంది అన్నా. ఎటు దిగమంటావు?"

వాగులో గలగలమని పారే చోట రాళ్ళు పైకే ఉంటాయి, అక్కడ లోతు తక్కువ. చడీ చప్పుడు లేని చోట మడుగు. ఇది బడిలో మొదటి పాఠం. నక్క అది కూడా నేర్వలేదు. నిలిచినట్టున్న నీళ్ళు చూపించి, "అక్కడ దిగు. వెనక నేనున్నాను, తిరిగి చూడకు, చూస్తే కళ్ళు తిరుగుతాయి" అన్నాడు.

పొన్నమ్మ నమ్మి దిగింది. అడుగు ముందుకు పడగానే నేల లేదు. తల్లీ పిల్లా మునిగారు. అవతల జింకను దించి తిరిగొస్తున్న పుల్లెద్దు ఆ అరుపు విని ఏటవాలుగా ఈదొచ్చాడు. పిల్లను మెడ దగ్గర పట్టుకుని, తల్లిని భుజంతో నెట్టుకుంటూ గట్టు చేర్చాడు. పొన్నమ్మకు స్పృహ లేదు.

జనం పరుగెత్తుకొచ్చారు. నక్క గబగబా రాళ్ళ సందున నిలిచిన గుంటనీటిలో పొర్లి, నీళ్ళోడుతూ గుంపులోకి దూరాడు.

గాడిద గంగులు కొడుకు బడిలో చదువుతున్నాడు. నక్క భుజం మీది ముద్ర కంటపడగానే గంగులు పంతులుగారి మీద గట్టిగా అరిచాడు. "మీ ముద్ర నమ్మి దిగితే తల్లీ పిల్లా మునిగారు! ఇక మా పిల్లల్ని పంపేది లేదు. మీ బడీ వద్దు, మీ ముద్రా వద్దు!"

"వద్దు, వద్దు!" అన్నారు మిగతావాళ్ళు.

ఒక్కపూటలో బడి మూతపడేలా ఉంది.

పొన్నమ్మ కళ్ళు తెరిచింది. పిల్ల పక్కనే దగ్గుతోంది. ఎదురుగా ఎద్దూ నక్కా ఇద్దరూ తడిసి నిలబడ్డారు.

"మమ్మల్ని పైకి తెచ్చిందెవరు అన్నా?" అంది.

"నేనే చెల్లీ" అన్నాడు నక్క వెంటనే. "చక్కగా దాటిస్తుంటే ఈ పుల్లెద్దు అడ్డం పడి మిమ్మల్ని మడుగులోకి తోశాడు. మెడలోతు నీళ్ళలో దూకి నేను లాక్కొచ్చాను."

పుల్లెద్దు నివ్వెరపోయాడు. "అబద్ధం! పంతులుగారూ, అబద్ధమండి!"

"అబద్ధమా? ఇద్దరి భుజాలూ చూడండి" అన్నాడు నక్క గుంపు మధ్యకొచ్చి. "బడి ముద్ర ఎవరికుంది? నాకుంది. తడిసినా చెక్కుచెదరలేదు. ఈ ఎద్దు భుజం మీద మచ్చయినా ఉందా? ముద్ర లేకుండా వాగులో దిగినవాడు దొంగ కాక ఎవడు?"

అందరూ చూశారు. ఎద్దు భుజం నున్నగా ఉంది. నక్క భుజం మీద ముద్ర ఎర్రగా మెరుస్తోంది.

"నిజమే, ఎద్దుకు ముద్ర లేదు" అన్నాడు గంగులు.

కానీ గుంపులో బడి చదువుకున్నవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకున్నారు. పంతులుగారు నెమ్మదిగా ముందుకొచ్చారు.

"నక్కా, మెడలోతు నీళ్ళలో దూకానన్నావు కదూ?"

"అవునండి! మీ శిష్యుణ్ణి కదా!"

"నా శిష్యుడివైతే చెప్పు. నేను ముద్ర దేనితో వేస్తాను?"

"ఎర్ర... ఎర్రమట్టితో."

"ఎర్రమట్టి వాగునీటిలో ఏమవుతుంది?"

నక్క తన భుజం కేసి చూసుకున్నాడు.

"కరిగిపోతుంది!" అని అరిచాడు గంగులు కొడుకు.

"కరగాలనే మట్టితో వేస్తాను" అన్నారు పంతులుగారు. "నిన్నటి ముద్రతో ఇవాళ ఎవరూ దిగకూడదు. వాగు రోజుకొక తీరుగా ఉంటుంది. పొద్దున ముద్రతో వెళ్ళి, సాయంత్రం ఖాళీ భుజంతో వచ్చినవాడే నా శిష్యుడు. వాగులో దూకాక కూడా ముద్ర నిలిచిందంటే, వాడికి ముద్ర వేసింది నేను కాదు."

గుంపంతా నక్క వైపు తిరిగింది. నక్క వెనక్కి వెనక్కి జరిగి, తోక ముడిచి పొదల్లోకి పారిపోయాడు.

గంగులు చెవులు వాల్చేశాడు. "తొందరపడి నోరు జారాను పంతులుగారూ. మావాణ్ణి రేపు ఇంకా పెందలాడే పంపుతాను."

పొన్నమ్మ లేచి, పుల్లెద్దు కాళ్ళ దగ్గర తల ఆనించింది. "నీ రుణం ఎలా తీర్చుకోను అన్నా?"

"నాకు కాదమ్మా, పంతులుగారికి దణ్ణం పెట్టు. ఆయన నాకు చేసింది నేను నీకు చేశాను, అంతే."

పొన్నమ్మ పిల్లను ముందుకు తోసింది. "పంతులుగారూ, మీ చలవ వల్ల బతికింది. గుర్తుగా దీని నుదుటి మీద మీ ముద్ర ఒకటి వేయండి."

"వేయనమ్మా. కృతజ్ఞతకు ముద్ర ఇవ్వను, చదువుకే ఇస్తాను. రేపటినుంచి బడికి పంపు."

పొన్నమ్మ నవ్వింది. ఆ పిల్ల మర్నాడే బడిలో చేరింది.

లక్క మాత్రం పోలేదు. నక్క రోజూ రాతికి భుజం రుద్దుకుంటున్నాడు, వెంట్రుకలు ఊడుతున్నాయి కానీ ఎరుపు వదలడం లేదు. బడి విడిచాక గొర్రెపిల్ల అటుగా పోతూ ఆగి అడుగుతుంది.

"మామా, ఇంకా కరగలేదా?"

నీతి: ఒకరి పేరు భుజాన వేసుకునేవాడు ముందు వారి అనుమతి పొందాలి, ఆపైన ఆ పేరు నిలిపే కష్టం రోజూ పడాలి.