లతీఫ్ తాత బొంత

1958 డిసెంబరు 9, మంగళవారం. ముందురోజు పట్టిన ముసురు తెల్లవారినా విడవలేదు. చలి ఎముకలు కొరుకుతోంది.

నల్లమల కింద ఒక చిన్న దర్గాలో లతీఫ్ తాత అనే ఫకీరు ఉండేవాడు. ఆయనకొక అతుకుల బొంత. గురువు నుంచి శిష్యుడికి వస్తూ వచ్చింది. అందుకున్న ప్రతివాడూ తన చొక్కా గుడ్డతో ఒక అతుకు వేసేవాడు. బొంత ఎవరిదో దర్గా గద్దె వారిది. జ్వరమొచ్చిన పిల్లలకు దాన్ని కాసేపు కప్పితే తగ్గుతుందని ఆ చుట్టుపక్కల నమ్మకం.

తాత తర్వాత అది ఆయన శిష్యుడు దూదేకుల పీరయ్యకు రావాలి. దూదేకే వింటి చప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఎంత బాగుండేదో! ఇప్పుడెక్కడా వినపడదు. సరే, ఆ మాట అలా ఉంచుదాం.

ఆ ఏడు మశూచి వచ్చింది. టీకాల వాళ్ళు వస్తే పీరయ్య పొలిమేరలోనే ఆపేశాడు.

"మాకు బొంత ఉంది నాయనా. మీ సూదులు ఎద్దులకు ఏసుకోండి."

జనం నవ్వారు.

ఆ మంగళవారానికి తాతకూ ఒళ్ళంతా పొక్కులు. పీరయ్య వాకిట్లోకి వచ్చాడు.

"తాతా, బొంత ఒక్కసారి ఇయ్యి. కాశమ్మ మనవరాలిని ఎత్తుకొని వానలో నిలబడింది. పిల్లకు ఒళ్ళు కాలిపోతాంది."

"గడప దాటొద్దు. పోయిన నెల దీన్ని ఎవరికి కప్పినావు?"

"కుమ్మరి పుల్లయ్య కొడుక్కి."

"ఎట్లున్నాడు?"

"పోయినాడు."

"వాని తర్వాత?"

"నీకే తాతా. చలికి వణుకుతాంటివని..."

పీరయ్య చూపు తాత ఒంటి మీది పొక్కుల నుంచి బొంత మీదికి పోయింది.

తాత గోడ పట్టుకొని లేచాడు. బొంతను ఈడ్చుకుంటూ పోయి పొయ్యిలోకి తోశాడు. ముసురుకు చెమ్మ పట్టిందేమో, మొదట పొగే వచ్చింది. ఆయన ఒంటి మీద గోచీ తప్ప ఏమీ లేదు.

"తాతా! అది కాలిపోతే నాకేం మిగుల్తాది?"

"నువ్వు మిగుల్తావురా."

ఆ మధ్యాహ్నం పక్క ఊరి నుంచి టీకాల వాళ్ళను పీరయ్యే వెంటబెట్టుకొని వచ్చాడు. అందరికంటే ముందు తన చొక్కా చేయి పైకి మడిచాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తాత శుక్రవారం పోయాడు. ఇదివరకు మశూచి వచ్చి బతికినవాళ్ళే మోశారు. దర్గా పొలం ఆయన అన్న కొడుక్కి వెళ్ళింది. తాత పాడి మేకను, మనవరాలి పాలకని, కాశమ్మ తోలుకుపోయింది. బొంత లేనివాణ్ణి గద్దె మీద కూర్చోనిచ్చేది లేదన్నారు ఊరి పెద్దలు.

పీరయ్యకు ఏమీ రాలేదు. మశూచి కూడా.