జిగురు కలపని జాజు

"ఒకరి మనసు నొప్పించాను గురువుగారూ. కొత్త చీర పంపితే తిప్పి పంపింది. ఇంకేం చేస్తే ఈ సిగ్గు వదులుతుంది?"

గోవర్ధనరావు ఈ మాట అడిగినప్పుడు అనంతయ్యగారు పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నారు. ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పడం ఆయనకి అలవాటు లేదు. అడిగినవాడే దాన్ని ఇంకొంచెంసేపు మోస్తే బరువెంతో తెలుస్తుందనేవారు. చెంబు పక్కన పెట్టి, తుండుతో పాదాలు తుడుచుకుని, ఎవరావిడ అని మాత్రం అడిగారు. గోవర్ధనరావు పక్కనే ఉన్న నా వైపు చూశాడు. అందులో నాకూ కాస్త వాటా ఉంది కనుక నేనే చెప్పాను.

గోవర్ధనరావుది మా బజారులోకెల్లా పాత ఇల్లు. వాళ్ళ తాతగారు కట్టించిన ఇటుక గోడలు, సిమెంటు పూత లేనివి. ఇటుకలు నల్లబడి, సందుల్లో నాచు పట్టినా ఇన్నేళ్ళూ అతను పట్టించుకున్నవాడు కాదు. గురువుగారు ఈసారి వారం రోజులు అతని ఇంట్లోనే ఉండి ప్రవచనం చెబుతాననేసరికి ఒక్కసారిగా ఆ ఇల్లు గోవర్ధనరావు కంటికి పాతబడిపోయింది. వీధి గుమ్మానికి కొత్త గ్రిల్లు పెట్టించాడు. అరుగు అంచున పూలకుండీలు, గేటుకి అటూ ఇటూ గుండ్రటి దీపాలు వచ్చాయి. గోడలకి మాత్రం పూర్వపు పద్ధతిలో ఎర్రగా జాజు పూయించి, ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నంతో తెల్లగీతలు గీయించాలనుకున్నాడు.

రంగులు వేసే సాంబయ్య, రంగు గోడని వదలకుండా జాజులో జిగురు ఉడికించి కలపాలనీ, రెండు పూతల మధ్య బాగా ఆరనివ్వాలనీ, నాలుగు రోజులైనా పడుతుందనీ చెప్పాడు. గురువుగారు వచ్చేది ఎల్లుండి. జిగురూ వద్దు గిగురూ వద్దు, ఎర్రగా కనపడితే చాలన్నాడు గోవర్ధనరావు. సాంబయ్య గొణుక్కుంటూనే పూశాడు. గీతలు కూడా గీశాక చూస్తే ఇల్లు పెళ్ళికొడుకులా ఉంది. పైన పటారం లోన లొటారం అన్న సంగతి, చెయ్యి వేసి చూస్తే తప్ప తెలియదు.

గాజుల నాంచారమ్మ చెయ్యి వేయలేదు, వీపు ఆనించింది. ముప్ఫై ఏళ్ళుగా ఎండపూట గాజుల మలారం దించుకుని, ఆ అరుగు మీదే గోడకి జారగిలబడి ఊపిరి పీల్చుకునేది. గోవర్ధనరావు భార్య సీమంతానికీ, ఆ తర్వాత కూతురి పెళ్ళికీ గాజులు తొడిగింది ఆవిడే. నిన్న కూడా అలాగే కాసేపు కూర్చుని, పై వీధిలో ఎవరిదో సీమంతం, వేళవుతోందని లేచింది. ఆ పూట కట్టుకున్నది లేత పసుపు నేత చీర, శుభకార్యాలకని దాచుకున్నది. ఆమె లేచిన చోట రంగు ఊడొచ్చి, లోపలి నల్ల ఇటుక బయటపడింది.

గోవర్ధనరావు అప్పుడే బయటికొచ్చాడు. "కళ్ళు కనపడట్లేదా నీకు? గోడంతా పాడు చేశావు" అని కేకలేశాడు. ఆమె గోడ వంక చూసి, తప్పయిపోయింది బాబుగారూ అని దండం పెట్టి, మలారం భుజాన వేసుకుని నడిచింది.

ఎవరి వీపు వాళ్ళకి కనపడదు గదా. చీర వెనకంతా ఎర్రగా, మధ్యన తెల్లగీతలతో సహా గోడ అచ్చు పడింది. బజారంతా చూసింది. ఎదురింటి అరుగు మీద కూర్చుని నేనూ చూశాను. "గోవర్ధనరావు ఇల్లు నడిచిపోతోందిరోయ్" అని ఎవరో అంటే, నలుగురితో పాటు నేనూ నవ్వాను. ఆగమ్మా అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. వేయలేదు. సీమంతం ఇంట్లో పేరంటాళ్ళు ఆమె వెనక ముసిముసిగా నవ్వుకున్నారట. సగం మందికి గాజులు తొడిగాక ఆ ఇంటి పెద్దావిడ చెవిలో చెప్పిందట. నాంచారమ్మ తక్కిన వాళ్ళకీ తొడిగి, తాంబూలం కూడా అందుకోకుండా, గోడవారగా వీపు దాచుకుంటూ దొడ్డిదారిన ఇంటికి పోయిందట. అది విన్నాక నాకు అన్నం సయించలేదు.

గోవర్ధనరావు కూడా కుంగిపోయాడు, అందులో అబద్ధం లేదు. మనిషి చెడ్డవాడు కాడు. వెంటనే పనిమనిషి చేత పట్టుచీర పంపాడు. "చీర లేదని నేనెవరితోనన్నా అన్నానా?" అని అడిగి, మడత విప్పకుండానే తిప్పి పంపింది నాంచారమ్మ.

గురువుగారు అంతా విన్నారు. గదిలోకి వెళ్ళి, ప్రవచనానికి కట్టుకునే తెల్లటి పంచె కట్టి, ఉత్తరీయం కప్పుకుని వచ్చారు. సాయంత్రం కావస్తోంది. వీధిలో చాపల మీద అప్పటికే నలభై మంది దాకా చేరారు. ఆయన అరుగెక్కి పీట మీద కూర్చుని, నడుం కాస్త వాల్చాలోయ్ అంటూ మెల్లగా వెనక్కి జరిగారు. వెనక ఉన్నది నాంచారమ్మ ఆనుకున్న చోటే. పొద్దున గోవర్ధనరావు సాంబయ్య చేత దాని మీద మళ్ళీ జాజు పూయించాడు.

"గురువుగారూ, ఆనకండి, రంగంటుకుంటుంది."

ఆ అరుపు వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. అరవడమే కాదు, గోవర్ధనరావు ఒక్క అంగలో అరుగెక్కి, ఆయన వీపుకీ గోడకీ మధ్య తన చెయ్యి అడ్డం పెట్టేశాడు. ఉత్తరీయానికి చిన్న మరక కూడా కాలేదు. గోవర్ధనరావు చెయ్యి మాత్రం మోచేతిదాకా ఎర్రబడింది.

గురువుగారు ముందుకి జరిగి సర్దుకుని కూర్చున్నారు. ఆయన గొంతులో కోపం లేదు.

"మంచి మాటన్నావు. నిన్న ఆమెతో కూడా ఇదే అన్నావా?"

గోవర్ధనరావు తల అడ్డంగా ఊపాడు.

"మరేమన్నావు?"

చాపల మీద వాళ్ళంతా ఇటే చూస్తున్నారు. "గోడ పాడు చేశావన్నాను" అన్నాడు గోవర్ధనరావు. ఆ మూడు మాటలు పైకి అనడానికి అతను పడిన అవస్థ చూడలేక నేను తల తిప్పుకున్నాను. తిప్పుకుంటే ఎదురింటి అరుగు కనపడింది. అటూ చూడలేకపోయాను.

గోవర్ధనరావు, చెయ్యి కడుక్కుని వస్తానని నీళ్ళ గోలెం వైపు అడుగేశాడు. గురువుగారు వద్దన్నారు. అలాగే వెళ్ళి రమ్మన్నారు, ప్రవచనం అతను వచ్చాకే మొదలుపెడతానన్నారు. ఎక్కడికని అతను అడగలేదు. ఆ ఎర్ర చెయ్యి పంచెకి తగలకుండా దూరంగా పట్టుకుని, జనం మధ్య నుంచి తల వంచుకుని నాంచారమ్మ వాళ్ళ సందువైపు నడిచాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నేను గుండె తేలికపడినట్టయి, చాప మీద కాళ్ళు మడిచి కూర్చున్నాను. గురువుగారు నా వైపు తిరిగారు.

"నువ్వేమిటి, నీ చేతికేమీ అంటలేదనా, ఇంకా ఇక్కడే కూర్చున్నావు?"