ఐదో బేరింగు

ఎవరైనా ప్రశ్న వేస్తే ముందు టీ చెప్పించడం ఖాసిం మేస్త్రీ అలవాటు. గ్లాసు ఖాళీ అయ్యేలోగా జవాబు దానంతటదే నడిచి వస్తుందని ఆయన నమ్మకం. వినుకొండ రోడ్డు మీది ఆయన మెకానిక్ షెడ్డులో పన్నెండేళ్లు పని నేర్చిన దావీదు ఒక ఉదయం తన పానాల సంచి తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు.

"మేస్త్రీగారూ, నా హస్తవాసి మంచిది కాదా? శేషగిరి జీపు ముందు చక్రానికి ఏడాదిలో నాలుగు బేరింగులు మార్చాను. నాలుగూ అరిగి కూత పెట్టాయి. నిన్న ఐదోది వేశాను. ఇదీ పోతే ఇక పానా పట్టను."

మేస్త్రీ టీ చెప్పాడు.

శేషగిరి నిరుడు ముచ్చటపడి జీపుకి పెద్ద టైర్లు వేయించాడు. చక్రాలు నాలుగు వేళ్ల మేర బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు కూడా బిగించుకున్నాడు. జీపు రొమ్ము విరుచుకుని నిలబడ్డట్టుండేది. అందంగానే ఉండేది, అబద్ధమెందుకు. బేరింగు కూసినప్పుడల్లా మాత్రం శేషగిరి ఊరంతా తిరిగి దావీదు పనితనాన్ని తూర్పారబట్టేవాడు. నోరున్నవాడి మాటే నలుగురూ నమ్ముతారు. చివరికి పాపం దావీదు కూడా నమ్మాడు. పాడైన చోటు తప్ప మరోచోటు చూడకపోవడం అతని పొరపాటు.

టీ సగంలో ఉండగా ఆ జీపే వచ్చి ఆగింది. బిడ్డకు కొండ మీది గుడిలో అన్నప్రాశన. శేషగిరి, అతని భార్య సుభాషిణి, ఆమె ఒళ్లో బొద్దుగా ఎనిమిది నెలల పాప.

"ఈ బేరింగైనా కొండెక్కుతుందా?" అన్నాడు శేషగిరి, దావీదు వైపు చురుగ్గా చూస్తూ.

"పాపనెత్తుకో శేషగిరీ. ఎంతసేపు మోయగలవు?" అన్నాడు మేస్త్రీ.

"నా బంగారాన్నా? కొండ దాకా మోస్తాను!"

"సరే. చేతులు ముందుకి బారచాపి పట్టుకో."

శేషగిరి నవ్వుతూ పట్టుకున్నాడు. పాప గాల్లో కాళ్లాడిస్తూ కేరింతలు కొట్టింది. మేస్త్రీ జీపులోంచి కొబ్బరికాయల సంచి తీసి అతని ముంజేతికి తగిలించి, తాపీగా టీ తాగసాగాడు. రెండు గుక్కలకే శేషగిరి మోచేతులు వణికాయి. మూడో గుక్కకి మొహం ఎర్రబడింది.

"పట్టుకో! పడేస్తాను!" అని కేకపెట్టాడు. సుభాషిణి పకపకా నవ్వుతూ పాపను అందుకుంది.

"నీ భుజం నాసిరకందా ఏం?" అన్నాడు మేస్త్రీ.

శేషగిరి భుజాలు రుద్దుకుంటూ బయటికి పొడుచుకొచ్చిన చక్రాల వంక చూశాడు. అవీ తన చేతుల్లాగే బారచాపుకుని ఉన్నాయి. చివరికి గొంతు తగ్గించి అన్నాడు. "పాత రిమ్ములూ టైర్లూ గడ్డివాములో ఉన్నాయి. రేపే తెస్తాను. తప్పుగా మాట్లాడాను దావీదూ."

"ఊరంతా తిరిగి తిట్టారుగా, ఈ మాటా ఊరంతా తిరిగి చెప్పండి," అంది సుభాషిణి.

దావీదుకు సంతోషంతో కళ్లు చెమర్చాయి. అయినా అనుమానం పూర్తిగా వదల్లేదు. "మరి నా చేతులు..." అన్నాడు.

మేస్త్రీ కనుసైగ చేశాడు. సుభాషిణి పాపను దావీదుకు అందించింది. అతను గ్రీజు చేతులు గబగబా లుంగీకి తుడుచుకుని, బిడ్డను గుండెకు హత్తుకున్నాడు. పాప అతని చెవి పట్టుకుని ఒకసారి లాగి, భుజం మీద తల వాల్చేసింది.

మేస్త్రీ ఖాళీ గ్లాసు కింద పెట్టి, పానాల సంచిని కాలితో దావీదు వైపు జరిపాడు.

"దగ్గరికి పట్టుకుంటే ఎవరి చేతులైనా మంచివేరా."