మెయిళ్ళకు గృహప్రవేశం

మా వేములగొంది మఠంలో పరదేశయ్య గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. అడిగినవాడు వెంట నడవాలి. ఎక్కడికో ఒక చోటికి తీసుకెళతారు, అక్కడ ఏదో ఒకటి జరుగుతుంది, అదే జవాబు. అందుకే మా ఊళ్ళో ఎండాకాలం ఎవరికీ సందేహాలు రావు. తత్త్వం తెలుసుకోవాలనే కోరిక అంతా వానలు పడ్డాకే మొదలవుతుంది. పోయిన ఏడాది మాత్రం ఆయన శిష్యుడు కోటిలింగం మండుటెండల్లో అడిగాడు. అడిగింది జీవుడి గురించీ కాదు, దేవుడి గురించీ కాదు. మఠం కంప్యూటర్‌లో మెయిళ్ళు చూసుకోవడానికి రెండు ప్రోగ్రాములున్నాయి, వాటిలో ఏది ఉంచుకోవాలి అని.

మఠానికి వచ్చే మెయిళ్ళు గురువుగారికి చదివి వినిపించడం, ఆయన చెప్పింది టైపు చేసి పంపడం కోటిలింగం పని. పని చిన్నది కాబట్టి దాన్ని పెద్దది చేసుకునే తీరిక అతనికి ఉంది. పాత ప్రోగ్రాము ఏళ్ళ తరబడి బాగానే నడిచింది. బాగా నడిచేదాన్ని చూస్తే అతనికి అనుమానం. నెట్‌లోంచి కొత్తది ఒకటి దించాడు. పాతది మెయిళ్ళన్నీ మన కంప్యూటర్‌లోకే తెచ్చి పెడుతుంది, నెట్ లేకపోయినా చదువుకోవచ్చు. కొత్తది వాటిని ఎక్కడివక్కడే ఉంచి మనకు చూపిస్తుంది, మన కంప్యూటర్ చెడినా అవి చెడవు. పాతదాంట్లో వెతకడం సులువు. కొత్తదాంట్లో ఒక మనిషికీ మనకూ నడిచిన మాటలన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. ఈ సంగతులు అతను నా ఆటోలో తనతో పాటు ఎక్కిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. దాంతో ఊళ్ళో రెండు పార్టీలయ్యాయి. మన సొత్తు మన ఇంట్లోనే ఉండాలని మోతుబరులు పాతదాని వైపు నిలబడ్డారు. ఇంట్లో దాచుకోవడానికి ఏమీ లేనివాళ్ళు కొత్తదాని వైపు. రెండు పార్టీల్లోనూ ఒక్కరికీ మెయిలు లేదు. అయినా టీకొట్టు దగ్గర చొక్కాలు పట్టుకున్నారు.

చివరికి కోటిలింగం కొత్తదానికే మారదామనుకుని, మారే ముందు యజ్ఞయ్య శాస్త్రి దగ్గరికి వెళ్ళాడు. నిజానికి మా మఠంవాళ్ళు ముహూర్తాలు చూసుకోకూడదు. ఉన్నదంతా ఒకటే బయలు, హద్దుల్లేని ఖాళీ, అందులో మంచి ఘడియ, చెడ్డ ఘడియ ఏమిటని గురువుగారు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు. శిష్యులందరూ భక్తిగా తలలూపుతారు, ఊపి శాస్త్రిగారింటికి వెనక సందులోంచి వెళతారు. శాస్త్రిగారు పుట్టి బుద్ధెరిగి మెయిలు చూడలేదు. కానీ ఏ విషయమైనా తెలియదనడం ఆయనకు అలవాటు లేదు. "ఒకచోట సామాను ఇంకోచోటికి మార్చి కాపురం పెట్టడమేగా? అయితే గృహప్రవేశం కిందికే వస్తుంది. శుక్రమూఢం నడుస్తోంది నాయనా, వెళ్ళేదాకా ఆగు" అన్నారు.

కోటిలింగం ఆగాడు. ఆగడంలో కూడా శ్రద్ధ చూపించాడు. పాత ప్రోగ్రాములో ఉన్నవన్నీ తరలించడానికి మూటగట్టేశాడు కాబట్టి, ఖాళీ చేసిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని, ఆ తర్వాత వచ్చినవేవీ తెరవలేదు. తెరవని మెయిలు మీద పంపినవాడి పేరు నల్లగా, లావుగా కనిపిస్తుంది. తెరిస్తే పలచబడుతుంది. పలచబడ్డవాటితో కొత్తదాంట్లోకి వెళితే, ఎంగిలి గిన్నెలతో కొత్త ఇంట్లో అడుగుపెట్టినట్టే అని అతని ఆలోచన. "నాసరయ్య దగ్గర్నుంచి ఏమన్నా వచ్చిందా?" అని గురువుగారు అడిగినప్పుడల్లా "సర్దుతున్నాను స్వామీ" అనేవాడు. కంప్యూటర్ మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పాలన్నంత వరకే గురువుగారికి తెలుసు. సరే అనేవారు.

నాసరయ్యది తంగెడుపల్లి. మఠంలో తత్త్వాలు పాడేవాడు. అతను పాడుతుంటే మా ఊరి కోపిష్టి మనుషులు కూడా కాసేపు కోపం సంగతి మరిచిపోయేవాళ్ళు. గొంతులో పుండు లేచి, కోసి, మాట వచ్చే భాగమంతా తీసేశారు. అప్పట్నుంచి గురువుతో అతని మాటలన్నీ మెయిలులోనే. కోటిలింగం తెరవకుండా ఉంచినవాటిలో అతనివి మూడు ఉన్నాయి. వాటిలో ఏముందో మాకు తర్వాత తెలిసింది గాని, మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను, నాకు దాచుకోవడం చేతకాదు. జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. వెంటనే ఇంకోసారి కోస్తే బతికే వీలుందని డాక్టర్లు అన్నారు. కోయించుకోవాలా, వద్దా అని నాసరయ్య గురువుగారిని అడిగాడు.

మూఢం వెళ్ళింది. వెళ్ళగానే కోటిలింగానికి పాతదే మంచిదేమోనని మళ్ళీ సందేహం పట్టుకుంది. ఆ రోజు గురువుగారి ముందు కూర్చుని, "స్వామీ, దేని మంచి దానికుంది, దేని లోపం దానికుంది. ఏది ఎంచుకోవాలో మీరే చెప్పాలి" అన్నాడు.

"నాసరయ్య రాశాడా?" అన్నారు గురువుగారు.

"రాశాడు స్వామీ, మూడు వచ్చాయి. దేంట్లో తెరవాలో తేలక అలాగే ఉంచాను."

గురువుగారు చెప్పులు వేసుకున్నారు. దూరం కాబట్టి నా ఆటో పిలిచారు, అలా నేనూ వెళ్ళాను. దారి పొడుగునా కోటిలింగం రెండు ప్రోగ్రాములనూ పోల్చి చెబుతూనే ఉన్నాడు. గురువుగారు బయటికి చూస్తూ కూర్చున్నారు. పొగాకు తీసేసిన చేలు, ఎండిపోయిన మోళ్ళు తప్ప బయట చూడ్డానికి ఏమీ లేదు.

నాసరయ్య వసారాలో కంప్యూటర్ ముందే ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. మెడ చుట్టూ తడిగుడ్డ. గురువుగారిని చూసి లేవబోతే ఆయన భుజం పట్టి కూర్చోబెట్టారు. అతని భార్య మస్తానమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఇప్పటికి తీరిందా సామీ?" అంది. అని, మంచినీళ్ళ కోసం లోపలికి తిరిగింది.

"ఒక్క ఫోన్ చెయ్యకపోయావా మస్తానమ్మా?" అన్నారు గురువుగారు.

"చేస్తాననే అన్నా సామీ. చెయ్యనిచ్చాడా? నా మాట నేనే అడుక్కోవాల, ఇంకొకళ్ళ నోటితో అడగనంటాడు. ఆయన మొండితనం మీకు తెలవందా."

గురువుగారు కోటిలింగం వైపు తిరిగి, "అతను పంపినవి అతని దగ్గరా ఉంటాయని దారిలో నువ్వే చెప్పావుగా. చదువు" అన్నారు.

కోటిలింగం నిలబడే చదివాడు. మొదటిదాంట్లో జబ్బు సంగతి రాసి, మీరు ఊఁ అంటే కోయించుకుంటాను అన్నాడు. రెండోదాంట్లో ఆసుపత్రిలో మంచం దొరికిందని, త్వరగా చెప్పమని వేడుకున్నాడు. మూడోది చిన్నది. "స్వామీ, రెండుసార్లు అడిగాను, మీరు పలకలేదు. గురువు పలకకపోవడం కూడా పలకడమేనని మీరే చెప్పారు. వద్దన్నారని అర్థమైంది. మంచం ఇంకెవరికైనా ఇచ్చుకోమన్నాను."

చదవడం అయిపోయాక కూడా కోటిలింగం తెర వైపే చూస్తున్నాడు. నాకు ఊరుకోవడం రాదు కదా, "ఇప్పుడైనా వెళ్ళొచ్చుగా" అన్నాను.

"మొన్న తీసుకుపోయా, అన్నా" అంది మస్తానమ్మ. "ఇంక కోసినా లాభం లేదన్నారు. ఇంటికాడ పెట్టుకుని, మింగగలిగింది పెట్టమన్నారు."

నాసరయ్య కీబోర్డు దగ్గరికి లాక్కుని టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరానికీ వేలు వెతుక్కుంటోంది. అక్షరాలు పెద్దవిగా పెట్టుకున్నాడు, నేను కూర్చున్న మెట్టు మీదికి కూడా కనిపించాయి. "మీరు వద్దన్నాక నాకు భయం పోయింది స్వామీ. నిద్ర పడుతోంది. వద్దన్నది నా మేలుకే కదా?" అది కొట్టి, కుర్చీలో ఒళ్ళంతా తిప్పి, గురువుగారి వైపు చూశాడు.

"నాసరయ్యన్నా, అసలు జరిగిందేమిటంటే" అని కోటిలింగం అందుకోబోయాడు. గురువుగారు అతని మణికట్టు పట్టుకున్నారు. ఆయన అబద్ధమాడగా మా ఊళ్ళో ఎవరూ విన్నది లేదు. విని ఉంటే నాకు తెలిసేది.

"అవును నాసరయ్యా. నీ మేలుకే" అన్నారు.

నాసరయ్య రెండు చేతులూ జోడించాడు. ముఖం తేటపడింది. మేం ఉన్నంతసేపూ గురువుగారు అతని పక్కనే కూర్చుని ఒక్కో చెంచా మజ్జిగ పట్టించారు. సగం బయటికే వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు కోటిలింగం ప్రోగ్రాముల ఊసెత్తలేదు. చాలా దూరం వచ్చాక మాత్రం, "తప్పు నాది స్వామీ. మీరు నిజమే చెప్పాల్సింది. నన్ను తిట్టుకునేవాడు, నేను పడేవాణ్ణి" అన్నాడు. ఆటో చప్పుడులో గురువుగారికి వినపడలేదేమోనని నేను ఇంజను ఆపాను.

"అతను నా మొహంలోకే చూస్తున్నాడు కోటీ" అన్నారు గురువుగారు. "ఏది మేలో పోల్చి చూసుకునే వ్యవధి ఎక్కడిది?"