వదులు కలిపిన కళ్ళజోడు

ఫోను తెర మీద వేలు ఆడించడం వచ్చింది కదా అని నీకన్నీ వచ్చేశాయనుకుంటున్నావా? పక్కవాళ్ళ తప్పు ఆమడ దూరం నుంచే పట్టేస్తావు. నీ తప్పు ఎవరైనా చూపిస్తే మాత్రం మొహం తిప్పుకుంటావు. అలా తిప్పుకుని కూర్చోకు. ఇటు తిరిగి ఈ కథ విను.

రేపల్లె బజారులో కోటిలింగం అనే దర్జీ ఉండేవాడు. అతని పనికి వంక పెట్టేవాళ్ళు లేరు గానీ, తనకు ఇంకొకరు చెప్పడమంటే మాత్రం అతనికి ఒళ్ళు మండేది.

కొలతల దగ్గర అతను మహా కచ్చితం. ఎవరైనా ఆది జాకెట్టు తెచ్చి, దాని కొలతకే కుట్టమంటే వేలితో పక్కకు నెట్టేవాడు.

"ఇది ఎప్పటిది?"

"పోయినేడాదిదే అండి."

"పోయినేడాది మనిషి పోయినేడాదే వెళ్ళిపోయింది. ఇప్పటి మనిషిని తీసుకురండి. నేను కుట్టేది మనిషికి, జాకెట్టుకు కాదు."

జనం విసుక్కునేవారు. అయినా మనిషిని తీసుకొచ్చేవారు. అతను కొలిచిన ప్రతి కొలతకూ కాస్త వదులు కలిపేవాడు. లోపలి కుట్టులో కాస్త గుడ్డ మిగిల్చేవాడు. "మనిషన్నాక ఊపిరి పీలుస్తాడు, పిల్లలన్నాక ఎదుగుతారు" అనేవాడు. మళ్ళీ దొరకని గుడ్డ ఏదైనా ఉంటే ఊళ్ళోవాళ్ళు నమ్మకంగా అతని దగ్గరికే తెచ్చేవారు. భార్య నాంచారమ్మ కాజాలు కుట్టేది, హెమ్మింగు చేసేది. కత్తెర మాత్రం ఆమెను కూడా ముట్టనిచ్చేవాడు కాదు.

కొన్నాళ్ళకు కోటిలింగానికి సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. పాత కళ్ళజోడు చాలడం లేదు. రోడ్డుకు అవతల కళ్ళజోళ్ళ కొట్టు నడిపే కరీముల్లా అది గమనించాడు.

"బాబాయ్, ఒకసారి వచ్చి కూర్చో. కళ్ళు పరీక్ష చేస్తాను. జోడు నా దగ్గరే కొనమనను."

"నీ ముందు కూర్చుని ఒకటో తరగతి పిల్లాడిలా అక్షరాలు చదవమంటావా? నా కళ్ళ సంగతి నాకు తెలీదా?"

"తెలిస్తే సూదిని అంత దూరాన పట్టుకుని చూస్తున్నావెందుకు?"

"సూది నాది. నా ఇష్టమైనంత దూరాన పట్టుకుంటా" అన్నాడు కోటిలింగం.

ఆ మధ్యాహ్నమే ఫోనులో కళ్ళజోళ్ళు అమ్మే కంపెనీ ఒకటి వెతికి పట్టుకున్నాడు. ఒక జోడు కొంటే ఇంకో జోడు ఉచితం. పవరు ఎంతో రాయమని అడిగింది. బీరువాలోంచి ఎప్పటిదో పాత చీటీ తీశాడు. అందులో ఉన్న అంకె మీద ఇంకొంత కలిపి రాశాడు.

"ఎందుకు పెంచారు?" అని అడిగింది నాంచారమ్మ.

"చూపు ఎలాగూ ఇంకా తగ్గుతుంది. ఇప్పుడే ఎక్కువ పెట్టించుకుంటే మళ్ళీ కొననక్కర్లేదు. స్కూలు పిల్లల యూనిఫారం వదులుగా కుట్టడం లేదూ?"

"యూనిఫారమైతే మడిచి కుట్టొచ్చు. కంటిని మడుస్తారా?"

తర్వాత ఫోనులో ఆ కంపెనీ కంటిపాపల మధ్య దూరం రాయమంది. మెడలోని టేపు తీసి, అద్దం ముందు నిలబడి, తనకు తానే కొలుచుకున్నాడు. ఆ కొలతకు అలవాటు చొప్పున వేలి మందం వదులు కలిపి రాశాడు.

నాంచారమ్మ చేతిలో సూది ఆగిపోయింది. "పోయినేడాది జాకెట్టు తెస్తే ఆడవాళ్ళను గుమ్మంలోంచే తిప్పి పంపిస్తారు. మీ కళ్ళకు మాత్రం పాత చీటీ సరిపోయిందా?"

"కొలతల గురించి నాకు చెప్పకు. నీ కాజాలు చూసుకో."

మర్నాడు కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, కంటిపాపల దూరం మామూలుగా ఉండేదానికంటే బాగా ఎక్కువ రాశారు. దగ్గర్లో ఎవరి చేతనైనా కొలిపించి చెప్తారా? అప్పటిదాకా మీ ఆర్డరు ఆపుతాం."

"నా చేతి కొలతకు ఈ బజారులో తిరుగు లేదమ్మా. రాసింది రాసినట్టు చెయ్యండి."

"తేడా వస్తే తలనొప్పి వస్తుంది సార్."

"తల కూడా నాదే" అని ఫోన్ పెట్టేశాడు.

జోళ్ళు వచ్చాయి. పెట్టుకోగానే దగ్గరున్న అక్షరాలు ఇంతింత పెద్దగా కనిపించాయి. కోటిలింగం మురిసిపోయాడు. కాసేపటికి కణతలు లాగడం మొదలైంది. గుమ్మం దిగుతుంటే మెట్టు ఉండాల్సిన చోట లేనట్టనిపించి, తూలి తలుపు పట్టుకున్నాడు. "కొత్త చెప్పులు కరవవూ? ఇదీ అంతే" అన్నాడు. అవతల నుంచి కరీముల్లా చూస్తున్నాడని ఆ జోడు తీయను కూడా లేదు.

అప్పుడే హైమావతి టీచరు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఉతికిన పంచెలో చుట్టి ఒక పట్టుచీర తెచ్చింది. ముదురాకుపచ్చ చీర, వంగపండు రంగు కొంగు.

"మా అమ్మ పోయాక ఆవిడ చీరల్లో మిగిలింది ఇదొక్కటే, కోటిలింగం గారూ. పిల్ల ఓణీల వేడుకకు లంగా, జాకెట్టు కుట్టండి. జాకెట్టు మాత్రం కొంగులోంచే రావాలి. అమ్మమ్మ కొంగు దాని భుజం మీద ఉండాలని నా కోరిక."

"మనిషిని తీసుకొచ్చారు కదా, ఇక మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు. పిల్లను నిలబెట్టి, ఊపిరి పీల్చమని, వదలమని, ఓపిగ్గా కొలతలు తీశాడు.

వాళ్ళు వెళ్ళగానే నాంచారమ్మ బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆ జోడుతో ఇది కోయకండి. ముందు కరీముల్లాకు కళ్ళు చూపించుకోండి. ఈ కొంగుకు ఇంకో ముక్క లేదు."

"నేను కత్తెర పట్టాక నువ్వు ఈ ఇంటికొచ్చావు" అన్నాడతను.

కొంగు మడతపెట్టి దాని మీద సుద్దతో రెండేసి గీతలు గీశాడు. లోపలి గీత కుట్టుకు, బయటి గీత కత్తెరకు. నిలబడి చూస్తే రెండూ అలుక్కుపోయి ఒక్కటయ్యాయి. వంగి చూస్తే ఒకటి కనిపించి, రెండోది వంకర తిరిగి పక్కకు పోయింది. కణతలు పోటెత్తాయి. జోడు తీసి ఉచితంగా వచ్చిన రెండోది పెట్టుకున్నాడు. అదీ అతను రాసిన కొలతదే. అదే వంకర.

అక్కడ ఆగిపోవచ్చు. రోడ్డు దాటితే చాలు. కానీ తలెత్తి చూసేసరికి కరీముల్లా తన కొట్టు ముందు నిలబడి టీ తాగుతున్నాడు. 'వీడి ముందు ఓడిపోవడమా?' అనుకున్నాడు కోటిలింగం. కత్తెర వేశాడు.

నాంచారమ్మ ముక్కలు చేతిలోకి తీసుకుంది. బయటి గీత వాటి మీద లేదు. కింద పడ్డ పీలికల మీద ఉంది.

"కుట్టు గీత మీద కోశారు."

"పాత పట్టు. చేతిలో జారింది."

"పట్టు జారలేదు" అందామె.

ఊరందరి బట్టల్లోనూ గుడ్డ మిగిల్చిన మనిషి ఆ ఒక్క జాకెట్టులో పోగంత కూడా మిగల్చలేదు. పీలికలు అతికి చూశాడు. సూది దిగిన చోటల్లా పాత పట్టు చిట్లిపోయింది.

హైమావతి వచ్చినప్పుడు అతను ముందు గుడ్డను తప్పుపట్టాడు. తర్వాత కళ్ళజోళ్ళ కంపెనీని తిట్టాడు. నాంచారమ్మ లేచి నిలబడింది.

"కంపెనీ తప్పేం లేదమ్మా. కొలత సరిచూసుకోమని వాళ్ళు అడిగారు. కరీముల్లా అడిగాడు. నేనూ చెప్పాను. ఈయన వినలేదు."

కోటిలింగం ఉరిమి చూశాడు. ఆమె చూపు దించలేదు.

"ఇంతకంటే మంచి పట్టు తెప్పించి కుట్టి ఇస్తానమ్మా" అన్నాడతను చివరికి.

హైమావతి ముక్కల్నీ పీలికల్నీ ఏరి, మిగతా చీరతో పాటు పంచెలో చుట్టుకుంది. "ఇంతకంటే మంచిది ఎక్కడైనా దొరుకుతుంది. మా అమ్మది దొరకదు. మీరు నిలబడమంటే మా పిల్ల కొలతకు నిలబడింది కదండీ. మీరు నిలబడడానికి ఏమొచ్చింది?"

వేడుక రోజున ఆ పిల్ల, ఇంకోచోట కుట్టించిన అమ్మమ్మ చీర లంగా మీదికి బజారులో కొన్న జాకెట్టు వేసుకుంది.

ఆ తర్వాత కోటిలింగం రోడ్డు దాటాడు. కరీముల్లా ముందు కూర్చుని అక్షరాలు చదివాడు. సరైన జోడు పెట్టుకున్నాక సూది బెజ్జం స్పష్టంగా కనిపించింది. అయితే బల్ల మీద చూడదగ్గ గుడ్డ ఏదీ లేదు. మళ్ళీ దొరకని గుడ్డ ఇక ఏ ఇంటి నుంచీ అతని దగ్గరికి రాలేదు. పరుపు గుడ్డలు వచ్చాయి, దిండు గలీబులు వచ్చాయి. ఎవరైనా ఆది జాకెట్టు బల్ల మీద పడేసి, "ఇంట్లో వేసుకునేదేలెండి, దీన్ని చూసి కుట్టెయ్యండి" అంటే, ఎప్పటిదని అడగకుండా తీసుకుని పక్కన పెట్టుకునేవాడు.

నీతి: ఇతరులను కొలిచేవాడు ముందు తాను కొలతకు నిలబడాలి, నిలబడనని మొండికేసినవాడు ఊరు తన మీద పెట్టుకున్న నమ్మకాన్ని తన చేత్తోనే కోసుకుంటాడు.